అక్క పేరుకు నేను పలికిన రాత్రి

నమ్మకపోతే మా ఇంటికి రండి. నీలం నగర్‌లో ఎవరినడిగినా చూపిస్తారు. ఆ టేపు రికార్డరు ఇప్పటికీ బీరువా మీదే ఉంది. నేను మాత్రం దాన్ని ముట్టుకోను. మీరు ముట్టుకుంటే మీ ఇష్టం.

నిద్రమత్తులో ఏదో విన్నావంటారు అందరూ. ఆ రాత్రి నాకు నిద్రెక్కడిది... కడుపు మండిపోతూ ఉంటే. మంట ఎవరి మీదంటే, మా తోటికోడలు లలిత మీద. నేను అక్కా అంటాను. మనిషి మంచిది. అదే నా ఏడుపు. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని పడుకునేదాన్ని.

మా మామ మునిసిపాలిటీ నీళ్ల ఖాతాలో, అంటే నీళ్ల శాఖలో, పంపు నడిపేవాడు. ఇంటిల్లిపాదీ మగ్గం మీద బతికితే ఆయనొక్కడే సర్కారు నౌకరీకి పోయాడు. పోయినవాడు ఊరికే ఉండకుండా యూనియన్ పెట్టుకున్నాడు. ఒక్క కాగితం పారేసిన మనిషి కాదు. మోర్చాల ఫొటోలు, సమ్మె కరపత్రాలు, జెండాలు, సభల క్యాసెట్లు... అన్నీ ట్రంకు పెట్టెల్లో దాచాడు. ఓట్లకు ముందు కార్మికుడి భుజం మీద చెయ్యేసిన నాయకుడి ఫొటో, మంత్రి అయ్యాక అదే కార్మికుణ్ని గేటు బయట నిలబెట్టిన ఫొటో, రెండూ పక్కపక్కనే ఉండేవి.

ఆయన చనిపోయాక పుణె నుంచి ఒక మేడమ్ వచ్చింది. రాష్ట్ర రాజకీయాలవి, సర్కారు నౌకర్ల యూనియన్లవి పాత కాగితాలు భద్రంగా దాచే చోట పని చేస్తుందట. పెట్టెలు మొత్తం తీసుకుంటామంది. ఇంట్లోవాళ్లు ఒకరు మైకు ముందు కూర్చుని మామ సంగతులు చెప్పాలంది. ఎవరు చెప్తే వాళ్ల పేరు, "కాపాడినవారు" అని ఆ పెట్టెల మీద ఉంటుందట.

ఇల్లంతా ఒక్క గొంతుతో లలిత అంది. నా వైపు తిరిగి చూసినవాళ్లు లేరు.

అక్క ఇంట్లోనే బీడీలు చుట్టేది. మామ పక్కన కూర్చుని కతలు చెప్పేవాడు. నేను టవళ్ల కార్ఖానాలో అంచులు కుట్టి ఇంటికి వచ్చేసరికి కత అయిపోయేది. కాని వానాకాలం వస్తే పెట్టెల్లో వేపాకు వేసిందెవరు? పైకప్పు కారిన రాత్రి పెట్టెల మీద నా పెళ్లి చద్దరు కప్పిందెవరు? సొమ్మొకరిది సోకొకరిది.

మేడమ్ వెళ్లిపోయాక అక్క నా దగ్గరకు వచ్చింది. "రాజమణీ, క్యాసెట్లల్ల ఏముందో ఇని చిట్టీలు అంటియ్యాల్నట. నాకు ఆ మిషిని సమజ్ కాదు. నువ్వే జెర చూడవా?"

"నాకు తప్పుతదా అక్కా. నీకు నోరుంటే సాలు."

ఆమె నవ్వింది. కోపం తెచ్చుకున్నా బాగుండేది.

ఇక్కడ ఒక సంగతి తెలియకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మామ గేటు మీటింగు పెడితే ముందు హాజరు పిలిచేవాడు. పేరు పిలిస్తే మనిషి "హాజర్" అనాలి. చచ్చిపోయినవాళ్ల పేర్లు కూడా తీసేసేవాడు కాదు. వాళ్ల పేరు వస్తే వాళ్లింట్లోవాళ్లు ఎవరో ఒకరు "హాజర్" అనాలి. అప్పుడు మామ ఒక్క క్షణం ఆగి "మనతోనే ఉన్నడు" అనేవాడు. బతికున్న మనిషికి ఇంకొకరు పలకడమనేది లేదు. ఎవరైనా మర్చిపోయి పలికితే పెద్దవాళ్లు నోటి మీద కొట్టేవాళ్లు.

సరే... ఆ రాత్రి. మా ఆయనకూ బావకూ కార్ఖానాలో నైట్ షిఫ్టు. అక్క ముందు గదిలో, బీడీల చేట పక్కన పెట్టుకుని నిద్రపోయింది. నేను వెనక గదిలో కూర్చున్నాను. ఒకప్పుడు మగ్గం ఉన్న గది అది. మగ్గం గుంట మీద ఇప్పుడు బండ పరిచి ఉంది. ఆ బండ మీదే టేపు రికార్డరు పెట్టుకుని చివరి క్యాసెట్ వేశాను. నేను గాని, అక్క గాని ఈ ఇంట్లో అడుగు పెట్టకముందు జరిగిన సమ్మె మీటింగు అది.

పక్క షెడ్డులో పవర్‌లూమ్‌లు ఖట్ ఖట్ ఖట్ మని ఆడుతూనే ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు. మాకది వినపడదు. ఆగితేనే వినపడుతుంది.

ఆగింది.

కరెంటు పోయింది. గల్లీ గల్లీ అంతా ఒక్కసారి నోరు మూసుకున్నట్టయింది. టేపు మాత్రం సెల్లుల మీద తిరుగుతూనే ఉంది. మైకు కీచుమంది. ఎవరో జిందాబాద్ అన్నారు. తర్వాత మామ గొంతు... వయసులో ఉన్న గొంతు.

"నర్సయ్య."

"హాజర్."

"ఇస్మాయిల్."

"హాజర్."

"ఎల్లయ్య."

చిన్నపిల్ల గొంతు, సన్నగా... "హాజర్."

"మనతోనే ఉన్నడు."

ఆ తర్వాత ఏమీ లేదు. సభ చప్పుడు కూడా లేదు. సర్ర్‌ర్... అని టేపు గీరుకుంటున్న చప్పుడు. అయిపోయిందనుకున్నాను. ఆపుదామని చెయ్యి చాచాను.

"లలితా..."

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అది మీటింగులో పిలిచే గొంతు కాదు. ఇంటి గొంతు. చివరి రోజుల్లో మంచం మీద నుంచి చాయ్ కోసం పిలిచేవాడే... ఆ గొంతు. దగ్గు కూడా అదే. మగ్గం గుంటలో నుంచి వచ్చినట్టు, బండ కింద నుంచి...

"లలితా..."

మీరైతే భయపడేవాళ్లు. నాకు ముందు భయం రాలేదు. నిజం చెప్తున్నాను, కుళ్లు వచ్చింది. ఇక్కడ కూడా అక్కేనా. వేపాకు వేసింది నేను, చద్దరు కప్పింది నేను, ఈ చీకట్లో కళ్లు పోగొట్టుకుంటూ కూర్చున్నది నేను. చచ్చినాక కూడా నా పేరు నోటికి రాదా ఈ ముసలాయనకు?

"హాజర్," అన్నాను.

అనుకుని అన్నది కాదు. నోట్లో నుంచి వచ్చేసింది.

టేపు సర్ర్‌మంది. ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు... మెల్లగా... చాలా మెల్లగా...

"మనతోనే ఉన్నది."

టక్. బటన్ దానంతట అదే లేచింది.

అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో. లేచి గోడ పట్టుకుని ముందు గదిలోకి పోయాను. చీకటి. తంబాకు వాసన. కాలు తగిలి చేట పక్కకు జరిగింది, బీడీలు పొర్లాయి. అక్క కదల్లేదు. వంగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. ఏమీ తగల్లేదు. ఇంకా దగ్గరకు పెట్టాను. అక్కా, అక్కా అని లోపల్లోపలే మొక్కుకున్నాను. దేవుడా, ఆ పేరు ఆమెకే ఉండనీ, నాకేమీ వద్దు అనుకున్నాను.

గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"ఎవరు?" గొంతు బొంగురుగా ఉంది.

"నేనే అక్కా."

పట్టిన చెయ్యి వదల్లేదు. తర్వాత అంది, "మామ హాజరు పిలుస్తుండె రాజమణీ. నా పేరు పిలిచిండు. పలుకుదామంటే నోరు పెగలలే. ఇంతల ఎవరో నా బదులు పలికిన్రు."

"ఎవరక్కా?"

"ఏమో... నీ గొంతు లెక్కనే ఉండె."

కరెంటు వచ్చింది. పక్క షెడ్డులో మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. మేమిద్దరం తెల్లారేదాకా అట్లాగే కూర్చున్నాం.

పొద్దున్నకల్లా అక్క గొంతు పూర్తిగా పోయింది. ఇన్నేళ్ల తంబాకు ఘాటు, అంతే, ఇంకేం లేదన్నాడు డాక్టరు. కావచ్చు. ఆ వారమే మేడమ్ మైకు తీసుకుని వచ్చింది, ఆమెకు మళ్లీ వచ్చే వీలు లేదు. అక్కే సైగ చేసి నన్ను మైకు ముందు కూర్చోబెట్టింది.

"తుమ్‌చ నావ్ సాంగా," అంది మేడమ్ మరాఠీలో. నా పేరు చెప్పమని.

చెప్పాను. తర్వాత మామ కతలన్నీ చెప్పాను. సగం అక్క నోట విన్నవే. తప్పు చెప్పినప్పుడల్లా పక్కన కూర్చుని తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు పుణెలో ఆ పెట్టెల మీద నా పేరుంది. కోరుకున్నదే ఒళ్లో పడింది. తింటే చేదు.

క్యాసెట్లు అప్పజెప్పేముందు, పట్టపగలు, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ క్యాసెట్ మళ్లీ వేశాను. ఎల్లయ్య పేరు వచ్చింది. మామ మాట వచ్చింది. తర్వాత సర్ర్‌మని చప్పుడు. లలితా అన్న పిలుపు లేదు. కొంచెంసేపయ్యాక ఒక్క మాట... "హాజర్." నా గొంతే.

"చీకట్ల ఎర్ర బటన్ నొక్కినవ్. నీ మాట రికార్డ్ అయింది, గంతే," అన్నాడు మా ఆయన.

"ఎర్ర బటన్ నొక్కితే టేప్ పలకదు గద. మరి నేను ఇన్నదేంది?"

ఆయన క్యాసెట్ తీసి డబ్బాలో పెట్టేశాడు. అక్క తనే పలికి ఉంటే ఏమయ్యేది? నేను అడ్డం పడి ఆమె పోకుండా ఆపానా... లేక బతికున్న మనిషిని చచ్చినవాళ్ల వైపు రాయించి వచ్చానా?

అక్క గొంతు తిరిగి వచ్చింది, సగమే. పొద్దుగూకి కార్ఖానా నుంచి వస్తూ గడప దగ్గర నుంచే పిలుస్తాను. తనంతట తను పలికేదాకా లోపలికి పోను. తోటికోడళ్లంటే వీళ్లే అని గల్లీలో చెప్పుకుంటారు.

ఒక్కటి మాత్రం చెప్తాను, నవ్వకండి. ఇప్పుడు కూడా కరెంటు పోయి మగ్గాలు ఆగితే నేను లేచి కూర్చుంటాను. బండ వైపు చెవి పెడతాను. అక్క పేరు రావద్దని మొక్కుకుంటాను... మొక్కుకుంటూనే, ఒక్కసారన్నా నా పేరు పిలుస్తాడేమోనని వింటాను.