చెదలు కొరకని పుస్తకం

మా లైబ్రరీలో పాత పుస్తకాల్ని స్కాన్ చేసి కంప్యూటర్లో దాస్తున్నాం. పని నియమాలు రాతలో చూపించకపోతే సోమవారం స్కానరు పట్టుకుపోతామన్నారు, దాన్ని ఇచ్చినవాళ్లు. నరసాపురం లైబ్రరీలో ఇదే పని చేసే సుశీలగారి దగ్గర అలాంటి నియమావళి ఉందని తెలిసి, శనివారం ఉదయం ఆరున్నరకి రాజమండ్రిలో పాసింజరెక్కాను.

నిడదవోలులో ఇడ్లీ తిన్నాను. ఎదురు సీట్లో లేసు అల్లుతున్న ఆవిడ నా చేతిలో ఖాళీ సీడీ చూసి, "అదేంటండీ?" అంది.

"మా లైబ్రరీ అంతా ఇందులో పడుతుందండి. గోదావరి కూడా పట్టేదే. పుస్తకాలు తడుస్తాయని మానేశాం."

"అయితే మా ఆయన్ని పెట్టండి. ఓ చోట ఉంటాడు."

పదిన్నరకి నరసాపురం. సుశీలగారు కంప్యూటర్లో నియమావళి తెరిచి చూపించారు. ప్రతి నియమం కిందా అది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఉంది. మండపేటవాళ్లు దాన్ని తీసుకెళ్లి, రైసు మిల్లుల దుమ్ముకి స్కానరు అద్దం గంటకోసారి తుడవాలని చేర్చి పంపారట.

"మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. కానీ మీరు చేసిన తప్పొకటి ఇందులో రాసి వెళ్లాలండి. తర్వాతవాళ్లు అది చెయ్యకుండా ఉంటారు."

గాలివానకి ఎగిరిపోయిన మా పుస్తకం ధవళేశ్వరంలో పులస కడుపులో దొరికిందని రాశాను.

"చేపకి మెంబర్‌షిప్ కార్డుందాండీ?" అని ఆవిడ చెరిపేశారు.

రెండు గంటల తర్వాత నిజం రాశాను. ఒక మాస్టారు నమ్మి ఇచ్చిన పుస్తకం స్కానరు మీద సరిగ్గా పరుచుకోవడం లేదని, అడక్కుండా కుట్టు కోసేశాను. చెదలు కొరికాయని చెప్పి తిరిగిచ్చాను.

ఆవిడ దాని పైన, యజమాని సంతకం లేనిదే కుట్టు విప్పరాదని టైపు చేసి, సీడీలోకి ఎక్కించి ఇచ్చారు. "వచ్చే వారం పాలకొల్లువాళ్లు కూడా తీసుకెళ్తారండి" అన్నారు.

ఆ మాస్టారిది పాలకొల్లే. రోజూ అక్కడి లైబ్రరీలోనే పేపరు చదువుతారు.

మూడింటి బండికి రాజమండ్రి టిక్కెట్టు తీసుకుని పాలకొల్లులో దిగిపోయాను. మాస్టారు వాళ్లింటి అరుగు మీద కూచుని అంతా విన్నారు.

"చెదలు స్కేలు పెట్టి కొరుకుతాయేంటయ్యా? ఆ రోజే చూశాను."

"మరి అడగలేదేంటండీ?"

"ఇంకే కథ చెబుతావోనని."

లోపలికెళ్లి ఇంకో పుస్తకం తెచ్చారు. "ఇదీ స్కాన్ చెయ్యి. సంతకం మాత్రం పెట్టను."

ఆరింటి బండిలో చోటు దొరకలేదు. పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి నిడదవోలు దాకా నిలబడే వచ్చాను. నియమావళి కోసం వెళ్లేవాళ్లకి ఉదయం బండే మేలు. రాయబోయే తప్పేదో ఇంటి దగ్గరే ఆలోచించుకుని వెళ్లండి. నేను తేల్చుకునేలోపు నరసాపురం మెస్సులో చేపల పులుసు అయిపోయింది.