గిరిప్రసాద్ చల్లని ఇల్లు

ఇంజనీరు గిరిప్రసాద్ ఎవరింటికి వెళ్లినా ముందు పడమటి గోడ దగ్గరికి పోయి, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు అరచేయి ఆనించి చూస్తాడు. పెళ్లిమండపంలోనైనా అంతే, అక్షింతలు వేసేది ఆ తర్వాతే. ఏసీ లేకుండా ఎండాకాలం గడిచిపోయే ఇళ్లు కట్టడం ఆయన పని. అలిపిరి దగ్గర తన ఇంటినీ అలాగే కట్టుకున్నాడు: మధ్యలో ఖాళీ వదిలిన జంట గోడలు, మిద్దె మీద తెల్లసున్నం, పడమటికి కిటికీలే లేవు. ఎండ ఎటునుంచి ఎంత వేడి తెస్తుందో అంతా లెక్కగట్టాడు గానీ, కొండకు వచ్చే బంధువులను మరిచాడు. ఇదివరకు దర్శనం కాగానే బస్సెక్కేవాళ్లు, ఇప్పుడు ఆ చల్లదనం వదిలి కదలడం లేదు.

మొన్న మే నెల మధ్యాహ్నం, ఇల్లు కట్టించుకోవాలనుకుంటున్న రేవతి ఆ ఇంటిని చూడడానికి వచ్చింది. ఆయన మెడలో తువ్వాలుతో, కాస్త జంకుతూ తలుపు తీశాడు. హాలంతా గంధం పూసుకున్న గుండ్లు వరసగా గుర్రు పెడుతున్నాయి. గోడలు చల్లగానే ఉన్నాయి. లోపలి గాలి మాత్రం ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ముఖానికి కొట్టింది.

"ఎండను ఆపినానమ్మా. సుట్టాలను ఆపే గోడ కట్టేది నాకు చేతకాలా," అని నవ్వుతూ ఆయన చెమట తుడుచుకున్నాడు. "నేను పడుకునేది బయట కార్లో, ఏసీ యేసుకోని."

రేవతి ఆ గుండ్లను ఒకసారి, ఆయనను ఒకసారి చూసింది.

"మాదీ తిరుపతే కదా సార్. మాకు కొంచెం యేడిగానే కట్టండి."