ఎక్కువ ఉప్పు కొన్న ఇల్లు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లుండగా, కరోనా వచ్చి ఊళ్లకు ఊళ్లే మూతపడ్డాయి. మేం జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఒక పాత భవనంలో రెండో అంతస్తులో ఉండేవాళ్లం. మమ్మల్ని చూసిపోదామని వచ్చిన మా తాతయ్య, విమానాలు ఆగిపోయి మాతోనే ఉండిపోయారు.

బడి లేదు. అమ్మానాన్నలు పగలంతా ల్యాప్‌టాప్‌ల ముందే. తాతయ్యది విశాఖ మన్యం అంచున ఒక ఊరు. అక్కడి కొండల్లో తెల్లదొరల మీద జరిగిన పోరు గురించి ఆయన రోజూ చెప్పేవారు. ఘాట్ రోడ్డు మలుపులో పొంచి ఉండి, ముందు నడిచే మన సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చే దొరలకే గురిపెట్టేవారట. పోలీసులు ఎటు కదిలినా వేగులు ముందే కబురు అందించేవారట. వింటూ వింటూ నేనూ వేగునైపోయాను. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

కింది అంతస్తులో ఒక జర్మన్ బామ్మగారు ఒంటరిగా ఉండేవారు. ప్రతి శనివారం ఆమె కూతురు, భర్తనీ ఇద్దరు పిల్లలనీ తీసుకుని పెరటి తలుపు గుండా వచ్చేది. బయటివాళ్లు ఒక్కరికి మించి కలవకూడదన్నది అప్పటి నియమం. ఒకరోజు భవనం బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ మెట్ల మీద కనిపిస్తే, నా పుస్తకం తెరిచి అంతా చదివి వినిపించాను. ఆయన మెచ్చుకున్నాడు. ఆ సంబరంతో తాతయ్య దగ్గరికి పరుగెత్తాను.

"ఆయన నిన్ను అడిగాడేటమ్మా?" అన్నారు తాతయ్య.

"లేదు, నేనే చెప్పాను. అలా రావడం ఫెర్‌బోటెన్ కదా తాతయ్యా, తప్పు కదా!"

ఆ శనివారం ఇద్దరు అధికారులు వచ్చి కింద తలుపు తట్టారు. ఆ తర్వాత కూతురు కుటుంబం రావడం మానేసింది. కొన్ని వారాలకు బామ్మగారిని అంబులెన్స్‌లో తీసుకెళ్లారు. వచ్చింది కరోనా కాదు, గుండెజబ్బు. అయినా ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. ఆమె అక్కడే, తనవాళ్లెవరూ దగ్గర లేకుండా పోయారు.

ఆ కబురు తెలిసిన రోజు తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అప్పటిదాకా చెప్పని కథ చెప్పారు. ఆయన తండ్రి కొండ సంతలకు ఉప్పు మోసుకెళ్లి అమ్మేవాడట. ఆ పోరు రోజుల్లో ఒకనాడు దారిలో పోలీసు జమేదారు ఆపి కులాసాగా కబుర్లాడితే, ఫలానా గుడిసెవాళ్లు ఈమధ్య ఎక్కువ ఉప్పు కొంటున్నారని మాటల్లో అనేశాడట. అక్కడ తినే నోరు పెరిగిందని గ్రహించడానికి పోలీసులకు అది చాలు. ఆ గుడిసెలో దాక్కున్న గాయపడిన మనిషినీ, అతనికి వండిపెడుతున్న ముసలామెనూ పట్టుకుపోయారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

"మా నాన్న అబద్ధం సెప్పలేదమ్మా, ఉన్నదే సెప్పాడు. తనకి తెలుసని సెప్పుకోడానికి సెప్పాడు. మరి జన్మలో ఆ కొండెక్కలేదు," అంటూ తాతయ్య కళ్లు తుడుచుకున్నారు.

బామ్మగారి కూతురు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చినప్పుడు, తాతయ్య నా చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లారు. మాస్కులతో, దూరంగా నిలబడ్డాం. హౌస్‌మైస్టర్‌కు చెప్పింది నేనేనని జర్మన్‌లో చెప్పాను. ఆమె చేతిలోని పెట్టె కింద పెట్టింది. "పైన ఒక చిన్నపిల్ల మా కోసం కిటికీలో ఎదురుచూస్తుందని మా అమ్మ మురిసిపోయేది," అంది. తిట్టినా బాగుండేది.

ఆ నియమం ప్రాణాలు కాపాడటానికే పెట్టారు. నేను చెప్పింది మాత్రం అందుకు కాదు. ఇప్పుడు నాకు తాతయ్య వయసు వచ్చింది. ఒకరి గురించి నాకు తెలిసింది ఇంకొకరికి చెప్పబోయినప్పుడల్లా నోరు ఆగుతుంది. ఎందుకు చెబుతున్నానో నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు చెప్పకుండానే ఊరుకుంటాను.