జఫర్‌గఢ్ వంటావార్పులో నా ఇంగ్లీషు పాట

ఒక మనిషి ఒకే ఒక్క పాటతో ఎంతమందిని శత్రువులను చేసుకోగలడు? మహా అయితే ఇద్దరు, ముగ్గురు అని మీరనుకుంటే, మీరు నా పాట వినలేదన్నమాట. అదృష్టవంతులు. నేను ఆరంటే ఆరు నిమిషాల్లో ఒక మండలం మొత్తాన్ని శత్రువుగా చేసుకున్నాను. అందులో మా బాపు కూడా ఉన్నాడు. ఆ వైనమే చెప్పబోతున్నాను. నవ్వండి, కానీ జర ఆగి ఆగి నవ్వండి. ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది.

మాది జనగామ. బాపుకు పప్పుల హోల్‌సేల్ దుకాణం. మూడు తరాలుగా మా ఇంట్లో వినిపించిన సంగీతం తూకం రాళ్ళ చప్పుడొక్కటే. అలాంటి ఇంట్లో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, నాకు రాక్ సంగీతం సోకింది. హైదరాబాదులో ఇంజినీరింగు చదివే మా మేనబావ ఒక సీడీ ఇచ్చాడు. మొదటిసారి విన్నప్పుడు సీడీ పాడైందనుకున్నాను. రెండోసారి విన్నప్పుడు నేను పాడయ్యాను.

ఆ తర్వాత జుట్టు పెరిగింది. చొక్కాలన్నీ నల్లబడ్డాయి. గోడ మీదికి గిటార్లు పట్టుకున్న జడల మనుషుల బొమ్మలొచ్చాయి. ఒకరోజు అమ్మ నా గదిలోకి వచ్చి ఆ బొమ్మలను తేరిపార చూసి, "గీయన ఏ ఊరి సామి రా?" అని అడిగింది. "చానా దూరం అమ్మా" అన్నాను. మర్నాటి నుంచి ఆ గోడకు అగరుబత్తి వెలగడం మొదలైంది.

నా జీవితంలో చూసిన మొదటి కచేరీ హైదరాబాదులో, ఒక కాలేజీ మైదానంలో. నా దోస్తు రమేశ్, నేను పొద్దున పాసింజరు బండెక్కి పోయాం. డ్రమ్ము మీద దెబ్బ పడితే, నా ఛాతీలో ఇంకెవరి గుండెనో తెచ్చిపెట్టినట్టు అదిరింది. చుట్టూ పిల్లలంతా తలలు ఊపుతుంటే మేమూ ఊపాం. గాలికి జొన్న కంకులు ఊగినట్టు ఊగాం. ఆ ఆనందం ఎలాంటిదో మాటల్లో చెప్పలేను. దాని ఫలితం మాత్రం చెప్పగలను: మూడు రోజులు మెడ తిరగలేదు.

"ఏం మోసినవ్ రా?" అంటూ అమ్మ నూనె రాసింది.

"సంగీతం మోసిన అమ్మా!"

"జెరంత తక్కువ మోయకపోయినవా?"

అంతటితో ఆగిపోతే ఈ కథ లేదు. మెడ తిరగగానే మేం బ్యాండ్ పెట్టాం. నేను గిటారు, పాట. రమేశ్ డ్రమ్ములు. బ్యాండంటే అంతే, మేమిద్దరమే. రమేశ్‌ది బయ్యారం. రాక్‌లో మెటల్ అని ఒక రకం ఉంటుంది కదా, ఇనుప ఖనిజం దొరికే ఊరివాడు మనలో ఉండగా వేరే పేరెందుకని మా బ్యాండుకు 'ఐరన్ ఓర్' అని పెట్టాం. సాధన మా పప్పుల గోదాములో. వారంలో ఎలుకలన్నీ ఖాళీ చేసి పోయాయి. నా సంగీతం గురించి బాపు మెచ్చుకున్న సంగతి అదొక్కటే.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. ఏ ఊరికి పోయినా ధూంధాం, ఏ రోడ్డు చూసినా పొయ్యి పెట్టి వంటావార్పు. కాలేజీ నడిచిన రోజులకంటే మేం ర్యాలీల్లో నడిచిన రోజులే ఎక్కువ. డప్పు మోగితే చాలు, ముసలివాళ్ళ కాళ్ళకు కూడా గజ్జెలు మొలిచేవి. అదంతా చూసి నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదువుతో పని లేకుండా గిటారుకే పోయింది.

"రమేశూ, అందరు తెలుగుల పాడుతున్నరు. మనోళ్ళకు మనోళ్ళు చెప్పుకుంటే ఏం లాభం? ఢిల్లీకి ఎట్ల తెలుస్తది?" అన్నాను.

"ఎట్ల తెలుస్తది?"

"ఇంగ్లీషుల పాడాలె! రాక్ పాడాలె!"

రెండు వారాలు కష్టపడి పాట రాశాను. సారాంశం ఏమిటంటే, ఓ ఢిల్లీ, మేం ఎదురుచూస్తున్నాం, మమ్మల్ని తొందరగా చర్చలకు పిలువు. పల్లవి మాత్రం ఒక్కటే ముక్క: "కాల్ అస్ సూన్, డ్యామ్!" రాక్ గాయకులు ప్రతి వాక్యం చివరా ఏదో ఒక తిట్టు పెడతారు కాబట్టి, నేను నా సంస్కారం ఒప్పుకున్నంతలో 'డ్యామ్' పెట్టాను.

రమేశ్ చదివి, "గీ డ్యామ్ ఏంది? నీళ్ళ డ్యామా?" అన్నాడు.

"కాదురా, కోపం."

"నీళ్ళదైనా మంచిగనే ఉంటుండె. మన కొట్లాట నీళ్ళ కోసమే గదా!"

ఇక జఫర్‌గఢ్‌కు వద్దాం. అక్కడ రోడ్డు మీద పెద్ద వంటావార్పు పెట్టారు. దాన్ని నడిపించేది అక్కడి బడిలో పనిచేసే మల్లయ్య సారు. సాంబారుకు కావలసిన కందిపప్పు మా దుకాణం నుంచే పోయింది. అందుకని బాపును పిలిచి, ముందు వరసలో కుర్చీ వేసి, మెడలో గులాబీ కండువా కప్పారు. ఆయన జీవితంలో సభలో ముందు కుర్చీ దక్కడం అదే మొదటిసారి. పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

మధ్యాహ్నం కావస్తోంది. ట్రాక్టర్ ట్రాలీయే వేదిక. మనుషులు రోడ్డుకు అటూ ఇటూ కిక్కిరిసి ఉన్నారు. భూపాలపల్లి నుంచి రావాల్సిన పాటల బృందం మాత్రం రాలేదు. దారిలో వాళ్ళ జీపు టైరు పగిలిందట. మల్లయ్య సారు మైకు పట్టుకుని ఉన్న నినాదాలన్నీ రెండేసిసార్లు ఇప్పించాడు. ఆయన గొంతు పోయింది. జనం సాంబారు గుండిగల వైపు చూడటం మొదలుపెట్టారు. బియ్యం ఇంకా ఉడకలేదు.

"సార్, మేమున్నం!" అన్నాను. గిటారు, డ్రమ్ములు తెచ్చుకునే పోయాంలెండి. అడగనిదే అమ్మైనా పెట్టదు, నిజమే. కానీ అడగకుండానే పెట్టేవాడు గాయకుడు.

సారు నా జుట్టు వంక అనుమానంగా చూశాడు. "ఉద్యమం పాటేనా బిడ్డా?"

"పక్కా ఉద్యమం పాటే సార్. ఢిల్లీ దద్దరిల్లాలె."

"అయితే కానియ్, జర జల్ది!"

ట్రాలీ ఎక్కాం. రమేశ్ కట్టెలతో లెక్కపెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. గొప్ప రాక్ గాయకులంతా కళ్ళు మూసుకునే పాడతారు. నా పతనానికి మొదటి మెట్టు అదే. రెండో మెట్టు నా యాస. విదేశీ ధాటి రావాలని సగం అక్షరాలు మింగేసి, మిగతావాటిని సాగదీశాను. మూడో మెట్టు ఆ మైకు. స్తంభాలకు కట్టిన గరాటు మైకుల్లోంచి నా గొంతు నాలుగు దిక్కులకు పోయి, నాలుగు రకాలుగా తిరిగొచ్చింది. పాడలేక మైకు ఓడంటున్నాడని మీరనుకోవచ్చు, అనుకోండి. నేను పాడింది "కాల్ అస్ సూన్, డ్యామ్!" జనానికి వినిపించింది మాత్రం...

"కలిసుందాం! కలిసుందాం! ఓ ఢిల్లీ, కలిసుందాం!"

విడిపోదామని ఊరు ఊరంతా రోడ్డు మీద పొయ్యి పెట్టి కూర్చున్న చోట, ఒక జులపాల పోరగాడు ట్రాలీ ఎక్కి గిటారు వాయిస్తూ కలిసుందాం అంటున్నాడు. ఒక్కసారి కాదు, పల్లవి కదా, పదహారుసార్లు.

జనం నుంచి పెద్ద అరుపు లేచింది. ఆహా, ఊపొచ్చింది అనుకున్నాను. గొంతు పెంచాను. అరుపు రెట్టింపైంది. నేనూ రెట్టింపయ్యాను. వెనక నుంచి రమేశ్ గొంతు వినిపించింది: "శీనుగా, ఆపురా! ఆపు!" ఆ హోరులో నా చెవికి అది "ఊపురా! ఊపు!" అని వినపడింది. దోస్తు అడిగాక కాదంటానా? తల ఊపాను. ఎవరో విసిరిన తువ్వాల వచ్చి నా మొహానికి తగిలింది. పెద్ద పెద్ద కచేరీల్లో అభిమానులు బట్టలు విసురుతారని విన్నాను. కళ్ళ నీళ్ళు తిరిగినంత పనైంది. ఆ తువ్వాలను తలకు చుట్టుకుని ఇంకో చరణం ఎత్తుకున్నాను. తర్వాత ఒక వంకాయ వచ్చి గిటారుకు తగిలింది. అప్పుడు మాత్రం, వంకాయ విసిరే అభిమానులుంటారా అన్న చిన్న సందేహంతో ఒక కన్ను తెరిచాను.

ముందు వరసలో బాపు కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన కండువాను మొహం మీదికి లాక్కుని కుర్చీ వెనకాల నిలబడి ఉన్నాడు. ట్రాలీ చుట్టూ జనం. అందరికంటే ముందు, సాంబారు కారుతున్న గరిటెతో, వంట చూస్తున్న ఒక అవ్వ.

"ఎవ్వలతోని కలిసుందామంటున్నవ్ బిడ్డా?" అంది.

"అది తెలుగు కాదు అవ్వా, ఇంగ్లీషు!"

"ఓహో, ఇంగ్లీషోళ్ళతోని కలిసుందామా! వాళ్ళను ఎళ్ళగొట్టి ఎన్నేండ్లాయె, మళ్ళ పిలుస్తున్నవా?"

మల్లయ్య సారు లేని గొంతుతో అరిచాడు: "ఎవ్వడు పంపిండురా నిన్ను?"

"ఎవ్వలు పంపలే సార్, మీరే ఎక్కుమన్నరు!"

అది నిజమే. కానీ నిజం చెప్పడానికి అది సమయం కాదని సారు మొహం చూశాక అర్థమైంది. బాపు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఏం జేసినవ్ రా! రేపు నా దుకాణానికి ఎవ్వడన్న వస్తడా? ఇజ్జత్ మొత్తం సాంబార్ల కలిపినవ్ గదరా!" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. వంకాయ దెబ్బకు రాని నొప్పి అప్పుడొచ్చింది.

సరిగ్గా అప్పుడు భూపాలపల్లి జీపు వచ్చి ఆగింది. ఆ బృందానికి పెద్ద ఒక అక్క. పొట్టి మనిషి, గొంతు మాత్రం రెండు ఊళ్ళ పెట్టు. ఏం జరిగిందని అడిగింది. నేను ఏడుపు ఒక్కటే తక్కువగా, పాట రాసిన కాయితం చేతికిచ్చి, పదం పదం విడదీసి అర్థం చెప్పాను. ఆమె కాయితం చూసి, నన్ను చూసి, నా తల మీది తువ్వాలను చూసి, ట్రాలీ అంచు మీద కూలబడి నవ్వింది. కడుపు పట్టుకుని, డప్పులవాళ్ళు కంగారు పడేంతసేపు నవ్వింది. తర్వాత లేచి మైకు తీసుకుంది.

"అన్నలారా, అవ్వలారా! గీ తమ్ముడు మిమ్ములను ఒక్క మాట అడిగిండు. మీరు జవాబు చెప్పకుండ వంకాయలు ఇసిరితే ఎట్ల? వంకాయలు సాంబార్ల ఎయ్యాలె, జవాబు మైకుల చెప్పాలె. అడుగు తమ్ముడూ!"

నాకు అర్థం కాలేదు. డప్పు మోగింది. అక్క నా డొక్కలో పొడిచింది. "కలిసుందామా?" అని కీచుగా అన్నాను.

"ఉండం!" అంది జనం.

"కలిసుందామా?"

"ఉండం! ఉండం!"

రమేశ్ డ్రమ్ములు అందుకున్నాడు. డప్పులు, డ్రమ్ములు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. నా గిటారు ఏం చేయాలో తెలియక కాసేపు బిత్తరపోయి, ఆ దరువు పట్టుకుంది. అవ్వ గరిటె పైకెత్తి అడుగు వేసింది. మల్లయ్య సారు గొంతు ఎక్కడినుంచో తిరిగొచ్చింది. హైదరాబాదు మైదానంలో ఊగిన తలలు ఏ మూలకు! రోడ్డు మీద ఊరంతా ఊగింది. బాపు మొదట చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తర్వాత కండువా ఊపాడు, చివరికి నేనెన్నడూ చూడని విధంగా ఎగిరాడు. అంత గొప్ప రాక్ కచేరీని నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. అన్నం కొంచెం మాడింది. ఎవరూ పట్టించుకోలేదు.

దుకాణం బతికింది. నేను మాత్రం 'కలిసుందాం శీను'నయ్యాను. ఆ పేరు నాకంటే ముందు బస్సెక్కి మహబూబాబాద్ పోయింది, భూపాలపల్లి పోయింది. రాష్ట్రం వచ్చింది, పేరు పోలేదు. నాకు సంబంధాలు చూస్తుంటే భూపాలపల్లిలో ఒక పెద్దమనిషి, "గా కలిసుందాం పిలగాడా? మా ఇంటికి వద్దు" అని లోటాలో నీళ్ళిచ్చి పంపాడు.

తర్వాతిది మహబూబాబాద్ సంబంధం. అమ్మాయి పేరు సుజాత. మమ్మల్నిద్దరినీ మాట్లాడుకోమని ఒక గదిలో కూర్చోబెట్టి, పెద్దవాళ్ళు ముందు గదిలో చాయ తాగుతున్నారు. ఆమె మొదటి ప్రశ్నే నా పీక మీద పడింది.

"జఫర్‌గఢ్‌ల పాట పాడింది మీరేనట గదా?"

అయిపోయింది అనుకున్నాను. "అది ఇంగ్లీషండి. అప్పుడు చిన్నతనం..."

"ఒక్కసారి పాడుండ్రి."

"వద్దండి, మంచిగుండదు."

ఆమె తల వంచుకుని నవ్వింది. "మీటింగ్‌ల అనద్దు గని, గీడ అనచ్చు."

ఆ మాట విన్నాక ఎవరు ఆగుతారు? గిటారు లేకుండా, డప్పు లేకుండా, నా జన్మలో మొదటిసారి కళ్ళు తెరిచి, మెల్లగా పాడాను. మెల్లగానే అనుకున్నాను. ముందు గదిలోంచి ఆమె నాయిన గొంతు ఖంగుమంది: "ఇనిండ్రా? పిలగాడు కలిసుందామంటుండు! ఒప్పుకున్నట్టే. తాంబూలాలు తెండి!"

అందుచేత పాఠకులారా, మీ సమక్షంలో, పెళ్ళై పదహారు రోజుల పండుగ కూడా అయిన మా సుజాత సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ట్రాలీ మీదగానీ, ఏ గదిలోగానీ, మైకు ఉన్నా లేకపోయినా, ఇంగ్లీషులో ఒక్క ముక్క పాడను. ఆ పాట ఒకసారి నన్ను ద్రోహిని చేసింది, రెండోసారి పెళ్ళికొడుకును చేసింది. మూడోసారి ఏం చేస్తుందో చూసే ధైర్యం నాకు లేదు.