సబ్బును పుట్టించే సబ్బు

పటాన్‌చెరులో మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు కెమిస్టుగా పనిచేశాక, రుద్రారంలో ఒక యూనివర్సిటీ ల్యాబుకు మారాను. షిఫ్టులు ఉండవన్నారు. సంగారెడ్డి నుంచి బస్సెక్కితే దూరం కూడా కాదు. ఆ రెండూ విని ఒప్పుకున్నాను గానీ అక్కడ ఏం పరిశోధన జరుగుతోందో సరిగ్గా అడగలేదు.

"ప్రాణం లేని రసాయనాలు ప్రాణమున్నవాటిలా ఎంతవరకు నడుచుకుంటాయో చూస్తున్నామమ్మా," అన్నారు సార్ మొదటిరోజు. ఆయన గుంటూరు వైపు మనిషి, వయసులో నాకంటే చిన్నవారు. "తమలాంటి వాటిని తామే తయారుచేసుకునే అణువులన్నమాట." నేను తలూపాను. ఫ్యాక్టరీలో కూడా అర్థం కానప్పుడు అలాగే ఊపేదాన్ని.

నాకు అప్పగించిన ప్రయోగం చూడ్డానికి మామూలుది. ఫ్లాస్కులో కింద క్షారం కలిపిన నీళ్లు, పైన నూనెలాంటి ద్రవం. రెండూ కలవవు. అవి ఒకదాన్నొకటి తాకే చోట మాత్రం నూనె మెల్లగా విరిగి సబ్బవుతుంటుంది. ఆ సబ్బు కొంత జమయ్యాక దాని అణువులు నీళ్లలో కంటికి కనిపించనంత చిన్న ఉండలుగా కూడుకుంటాయి. ఆ ఉండలు నూనెను తమలోకి లాక్కుంటాయి. లోపలికి వెళ్లిన నూనె ఇంకా త్వరగా సబ్బవుతుంది, ఆ సబ్బుతో కొత్త ఉండలు పుడతాయి, అవి మళ్లీ నూనెను లాక్కుంటాయి. చెప్పుకుంటే ఇంతే. చూస్తూ కూర్చుంటే మాత్రం పూటంతా ఏమీ జరగదు.

మొదటిసారి అలాగే కూర్చున్నాను. పొద్దుటి నుంచి సన్నటి వేడి, మెల్లగా తిరిగే కలియబెట్టే కడ్డీ, పైన కదలని నూనె. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చేసరికి నూనె పొర సగమైంది. చూస్తుండగానే ఫ్లాస్కంతా తెల్లబారి బుసబుస నురగ లేచింది. నా చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోయింది. వేడి ఆపేశాను, ఐసు తెచ్చి చుట్టూ పోశాను.

సార్ పరుగున వచ్చారు. "ఎందుకాపారమ్మా?"

"లేస్తున్నది సార్!"

"లేవనివ్వండి. లేవాలనే కదా చేస్తున్నాం!"

ఫ్యాక్టరీలో నిశ్శబ్దంగా ఉన్న రియాక్టరు ఒక్కసారిగా ఊపందుకుందంటే ఒకటే అర్థం: వేడి ఆపు, చల్లనీళ్లు వదులు, బయటికి పరుగెత్తు. ఆ భయం నా చేతుల్లో ఉండిపోయింది. తర్వాతిసారి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నూనె మొత్తం పోయి నీళ్లు తేటపడ్డాయి. అది కూడా అందంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

చలికాలంలో ల్యాబులు అందరికీ చూపించే రోజొకటి వచ్చింది. సార్ తలుపు మీద పెద్ద కాగితం అంటించారు: 'జీవం పుట్టే క్షణం, మీ కళ్లముందే!'

"గట్ల రాస్తే జనం ఇంకేదో అనుకుంటరు సార్," అన్నాను.

"ముందు రానివ్వండమ్మా. వచ్చాక మనం చెబుదాం."

జనం వచ్చారు. కానీ ఆ రోజు పొద్దున్నుంచి వోల్టేజీ లేదు. వేడి ఎక్కడం లేదు, నూనె కదలడం లేదు. పిల్లలు కాసేపు చూసి, పక్కగదిలో రోబో డాన్సు చేస్తోందని వెళ్లిపోయారు. వాళ్లవెంట పెద్దవాళ్లూ పోయారు. సార్ ముఖం చిన్నబోయింది.

అప్పుడు బస్టాపు పక్కన బట్టలు కుట్టే చాచా, మా విద్యార్థుల ల్యాబు కోట్ల మూట ఇవ్వడానికి వచ్చాడు. మూట దించి ఫ్లాస్కు ముందు ఆగాడు.

"ఏమైతది బేటీ ఇందుల?"

"నూనె సబ్బయితది చాచా. ఆ సబ్బే ఇంకింత సబ్బును పుట్టిస్తది. కరెంటే పరేషాన్ చేస్తున్నది. ఎప్పుడైతదో చెప్పలేం, మీరు పోండి. దుకాణముంటది గద."

"ఇయాల గిరాకీ అంత ఈడనే తిరుగుతున్నది," అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోట్ల జేబులు పెన్నుల బరువుకి ఎట్లా చిరుగుతాయో, ఎక్కడ రెండు కుట్లు వెయ్యాలో చెబుతూ ఉన్నాడు. సార్ కూడా వచ్చి వింటూ నిలబడ్డారు. సాయంత్రం కావస్తుండగా వోల్టేజీ కుదిరింది. ఫ్లాస్కు తెల్లబారింది, నురగ లేచింది, తర్వాత మెల్లగా తేటపడింది.

చాచా కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. "అరే! ఏదీ నూనె?" చాలాసేపు చూశాడు. "జాన్ వచ్చిందా బేటీ దీనికి?"

సార్ ఏదో చెప్పబోయి నావైపు చూశారు.

"పానం రాలేదు చాచా," అన్నాను. "తన అసోంటి దాన్ని తను చేసుకుంటది, గంతే. తినేటందుకు నూనె అయిపోయింది. ఇగ ఆగిపోతది."

"మల్ల పోస్తే?"

"మల్ల నడుస్తది."

"అయితే ఇంకింత పోయరాదు బేటీ," అన్నాడు జాలిగా, ఆకలితో ఉన్న పిల్ల గురించి చెప్పినట్టు.

"పోద్దాం చాచా. ఆ ఏర్పాటే చేస్తున్నాం," అన్నారు సార్. చాచాను గుమ్మందాకా సాగనంపి, తిరిగొస్తూ తలుపు మీది కాగితం తనే పీకేశారు.

కొద్ది వారాల్లో చిన్న పంపు అమర్చాం. ఒకవైపు నుంచి నూనె, క్షారం బొట్టుబొట్టుగా లోపలికి వస్తాయి, ఇంకోవైపు నుంచి అంతే ద్రవం బయటికి పోతుంది. తిండి దొరికినంతకాలం ఉండలు పుడుతూనే ఉన్నాయి. పొద్దున వచ్చి కోటు వేసుకోకముందే దాన్ని చూసేదాన్ని. నూనె పేరుకోకుండా తేటగా ఉంటే మనసు కుదుటపడేది.

ఒక సోమవారం వచ్చేసరికి పంపు ఆగిపోయి ఉంది. ఆదివారం కరెంటు పోయిందట. ఫ్లాస్కు చల్లగా ఉంది. అడుగున ముద్దగా పేరుకున్న సబ్బు. కడిగెయ్యడానికి మనసొప్పక మూత పెట్టి పక్కన ఉంచాను. ఇంటికెళ్లి మా ఆయనకు చెబితే నవ్వాడు.

"సబ్బుకు గూడ బాధపడ్తరా?"

"సబ్బుకు కాదు," అన్నాను. ఆయన నవ్వడం ఆపి చాయ్ పెట్టుకొచ్చాడు.

మర్నాడు ఆ ముద్దలో కొంచెం తీసి, క్షారం నీళ్లు, నూనె పోసిన కొత్త ఫ్లాస్కులో వేసి వెచ్చబెట్టాను. ఉండలు కట్టే సబ్బు ముందే ఉంది కాబట్టి ఈసారి పూటంతా ఎదురుచూడాల్సిన పని పడలేదు. స్టూలు మీద సర్దుకుని కూర్చునేలోపే నూనె తరగడం మొదలుపెట్టింది. సార్‌ను కేకేశాను.