మా తోడల్లుడి మీట, మా దాళ్వా నీళ్లు

ఈ ప్రయాణం కొండలు చూడాలనిపించి చేసింది కాదు. ఊరు తరిమితే చేసింది. మాది భీమవరానికి దిగువన, కాలువ చిట్టచివర ఉన్న ఊరు. ఆ ఏడాది దాళ్వా వరికి గోదావరిలో నీళ్లు తగ్గి, కాలువలకు వంతులు పెట్టారు. వంతులంటే ఎగువ వాళ్లకు ముందు, మాకు ఆఖరు. మా వంతు వచ్చేసరికి కాలువలో మిగిలేది బురదే. నాకున్నది రెండెకరాలు. చేను పొట్ట మీదుంది. పదిరోజుల్లో తడి అందకపోతే కంకి తాలైపోతుంది. అలాంటి రోజుల్లో మా నీటి సంఘం ప్రెసిడెంటు రాజుగారు నేను పనిచేసే హైస్కూలుకే వచ్చి, సైన్సు గది గుమ్మంలో నిలబడ్డారు.

“మాస్టారూ, మీ తోడల్లుడుగారు సీలేరు మీద కరెంటు తీసే చోటే కదండీ ఇంజనీరు. ఎండల్లో మనకొచ్చే నీళ్లు చాలామటుకు ఆళ్లు మిషన్లు తిప్పి వదిలినవే అంట. ఓ రెండు మిషన్లు ఎక్కువ తిప్పమనండి. మనోళ్లని మనం అడక్కపోతే ఇంకెవర్నడుగుతామండీ” అన్నారు.

ఆయన అడగమన్నది సత్యమూర్తిని. సత్యమూర్తి మా ఆవిడ చెల్లెలి భర్త. పదిహేనేళ్లుగా నాకు అతనంటే కుళ్లు. ఈ మాట ఇన్నాళ్లూ ఇంట్లో కూడా అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. మా అత్తగారు గారెలు వండితే మొదటి వాయి అతని విస్తట్లోకే వెళ్లేది. మా ఊళ్లో కరెంటు పోయి విసనకర్రతో విసురుకుంటుంటే, మా ఆవిడ ఆ చేత్తోనే “మా చెల్లి వాళ్ల క్వార్టర్సులో ఫ్యాను ఆగడమంటూ ఉండదంట” అనేది. జలవిద్యుత్తు పాఠం ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది నేను, ఆ బొమ్మ లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నది అతను. అది చాలదన్నట్టు ప్రతి పెళ్లిలోనూ భోజనాల దగ్గర అందరూ వినేలా ఒకటే మాట: “నేను మీట నొక్కితేనే అన్నయ్యగారి చేలోకి నీళ్లు.” అలాంటివాడి ముందు చెయ్యి చాచాలి. కానీ చేను ముందు రోషం నిలవదు. సరేనన్నాను.

మా వైపు ఒట్టి చేతులతో పని అడగడం మర్యాద కాదు. ఊరంతా కలిసి తాటాకు బుట్ట నిండా పూతరేకులు, గోనెసంచిలో పాతిక కొబ్బరికాయలు సిద్ధం చేశారు. ముందురోజు సాయంత్రమే రైల్లో రాజమండ్రి చేరి, పొద్దున్నే అయిదున్నరకి ఆర్టీసీ కాంప్లెక్సులో భద్రాచలం బస్సెక్కాను. చింతూరు దాకా అప్పట్లో టిక్కెట్టు వంద రూపాయల లోపే. గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లిలో ఎనిమిదిన్నరకి టిఫిను కోసం ఆపుతారు. అక్కడే తినేయండి, మళ్లీ చింతూరు దాకా ఏమీ దొరకదు. మారేడుమిల్లి దాటితే ఘాట్ రోడ్డు. మూడో మలుపులో నా గోనెసంచి మూతి విప్పుకుంది. కొబ్బరికాయలు సీట్ల కిందుగా డ్రైవరు దాకా దొర్లుకుంటూ పోయాయి.

కండక్టరు ఒక్కొక్కటే ఏరి తెస్తూ “పెళ్లికాండీ?” అన్నాడు.

“కాదండీ, నీళ్లకి.”

“నీళ్లకి కొబ్బరికాయలు కొట్టడానికి ఇంత దూరం దేనికండీ, గోదారి మీ ఇంటి పక్కనేగా” అన్నాడతను. నేను సంచి మూతి బిగించి కట్టాను.

చింతూరులో దిగేసరికి పదకొండయింది. అక్కణ్ణుంచి సత్యమూర్తి ఉండే మోతుగూడేనికి బస్సులు బహు తక్కువ, జీపులే దిక్కు. మనుషులు నిండితేనే కదులుతాయి. చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఎక్కడికని అడిగారు. తోడల్లుడి పేరు చెప్పగానే ఒకాయన “మూర్తి సారు చుట్టాలా, వెళ్లండి” అని చెయ్యి ఊపాడు. ఇక్కడ కూడా అతనిదే పలుకుబడి.

ఒంటిగంటకి సత్యమూర్తి కాలనీ గేటు దగ్గర ఎదురొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నేను వస్తున్నానని ఫోను చేస్తే, సొంత చుట్టమని చెప్పి రెండు రోజుల్లోనే పర్మిషన్ తీసి ఉంచాడు, అది లేకపోతే లోపలికి ఎవర్నీ రానివ్వరు. విద్యుత్ కేంద్రం కొండ అడుగున ఉంది. పైన నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపారు. ఆ నీళ్లను కాలువ తవ్వి కొండ అంచు దాకా తెచ్చి, అక్కణ్ణుంచి పెద్ద ఇనుప గొట్టాల్లో నిట్టనిలువున కిందికి దింపుతారు. ఆ వేగానికి చక్రాలు తిరుగుతాయి. పని అయిపోయిన నీళ్లు ఏమీ తరగకుండా బయటికొచ్చి మళ్లీ ఏట్లో కలుస్తాయి. సీలేరు శబరిలో, శబరి గోదావరిలో కలిసి ధవళేశ్వరం మీదుగా మా కాలువకు వస్తాయి. ఇదంతా నేను బోర్డు మీద గీసిన బొమ్మే. కాకపోతే బొమ్మకి చప్పుడుండదు. ఇక్కడ లోపల అడుగు పెట్టగానే అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా అదురు పాకింది. ఇరవై ఏళ్లుగా ఇది చూడకుండా ఎలా పాఠం చెప్పానా అని సిగ్గేసింది. ఆ వెంటనే, రోజూ దీన్ని చూసే వాడి మీద మళ్లీ ఈర్ష్య పుట్టింది.

కంట్రోల్ రూములో బల్ల మీద బుట్ట పెట్టి, ఊరి మాట చెప్పాను. “నాలుగు మిషన్లున్నాయి కదా మూర్తీ. ఇప్పుడు రెండే తిరుగుతున్నాయి. ఇంకో రెండు తిప్పించు. చేను పొట్ట మీదుంది.”

సత్యమూర్తి పూతరేకు పొట్లం విప్పుతూ ఆగిపోయాడు. ఏదో అనబోయేంతలో ఫోను మోగింది. తీసి, లేచి నిలబడ్డాడు. “సార్... సార్. అలాగే సార్. రెండో యూనిట్ ఆపేస్తున్నాం సార్.” ఫోను పెట్టేసి ఇద్దరు మనుషులకు చెప్పాడు, వాళ్లు ఏవో తిప్పారు. అరికాళ్ల కింద అదురు సగానికి తగ్గింది.

“హైదరాబాదు నుంచి. రాష్ట్రంలో ఎక్కడెంత కరెంటు కావాలో వాళ్లు లెక్క చూసి చెప్తారు. తిప్పమంటే తిప్పుతాం, ఆపమంటే ఆపుతాం. కాలువలకు నీళ్లు కావాలన్నా మీ ఇరిగేషన్ వాళ్లు పైవాళ్లకి రాయాలి, పైవాళ్లు మాకు చెప్పాలి. నా చేతిలో ఏమీ లేదన్నయ్యగారూ.” విప్పిన పొట్లం మళ్లీ మడుస్తూ “ఫోన్ చేసిన కుర్రాడికి నాకన్నా పదేళ్లు చిన్న వయసుంటుంది” అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు ముందు కలిగింది సంతోషం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. పదిహేనేళ్లు నేను దేవుడనుకున్న మనిషి పూజారి కూడా కాదు, గంట కొట్టే మనిషి. ఈ సంగతి మా అత్తగారి ముందు ఎలా చెప్పాలో అప్పుడే మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. అంతలో, ఆగింది మిషనొక్కటే కాదు, నా రెండెకరాలకు రావలసిన నీళ్లు కూడా అని గుర్తొచ్చింది. పేర్చుకున్న మాటలన్నీ చేదెక్కాయి.

“ఊళ్లో చెప్పకండి” అన్నాడు సత్యమూర్తి, బుట్ట వైపు చూస్తూ. “నాకున్నది ఆ మీట మాటొక్కటే.” సరేనన్నాను.

మా మరదలు పిల్లల చదువుల కోసం కాకినాడలో ఉంటోంది. ఆగని ఫ్యాను కింద ఇతనొక్కడే. భోజనం కేంద్రానికి దిగువన ఏటి ఒడ్డు మీది పాకలో, ముత్తమ్మ చేతివంట. ఆమెకు నలభై ఏళ్లు దాటి ఉంటాయి. అన్నం, చింతచిగురు పప్పు, చిన్న చేపల పులుసు, ఇరవై రూపాయలు. మేం వెళ్లేసరికి రెండున్నర.

“నీదే ఊరు సారూ?” అంది వడ్డిస్తూ. చెప్పాను. మా కష్టం కూడా చెప్పాను, దాళ్వా ఎండిపోతోందని.

“దాళ్వా అంటే?”

“రెండో పంట.”

ఆమె చేతిలో గరిటె ఆగింది. “రెండు పంటలా? ఒకే చేలో?”

“ఆఁ.”

“మాకు అయ్య దున్నిన చేనుండేది. డ్యాము కట్టినప్పుడు నేను చిన్నదాన్ని. ఇప్పుడా చేను నీళ్ల కింద ఉంది. కొండ మీదికి జరిగాం. వానొస్తే ఒక పంట, అదీ పోడు” అని నా మొహంలోకి చూసింది. అందులో కోపం లేదు. కానీ ఆ చూపు నేను ఎరుగుదును. అత్తగారింట్లో సత్యమూర్తి విస్తట్లో గారెలు పడుతున్నప్పుడు నా కళ్లు అచ్చం అలాగే ఉండేవి. నన్ను ఒకరు అలా చూడటం అదే మొదలు. అన్నం గొంతు దిగలేదు.

ఇల్లు అవతలి ఒడ్డునంట. మిషన్లు తగ్గితే మోకాలి లోతు నీళ్లలో దాటి వెళ్తుంది. తిప్పితే ఏరు లేస్తుంది, దాటలేదు. చేపలు కూడా ఈ లేవడం తగ్గడం పడక పలచబడ్డాయంది. గిన్నెలు కడిగి, అయిదవుతుండగా కొంగు బిగించి ఒడ్డుకు బయల్దేరింది. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. మిషన్లు మొదలుపెట్టే ముందు ఏట్లో ఉన్నవాళ్లకు హెచ్చరిక అది. కాసేపటికి నీళ్లు రాళ్లను ముంచుకుంటూ పైకి లేచాయి. ఆ నీళ్లు మావి. సుమారు నాలుగు రోజుల్లో ధవళేశ్వరం చేరతాయన్నాడు సత్యమూర్తి. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ముత్తమ్మ వెనక్కొచ్చి పాక ముందు కూర్చుంది.

“ఎంతసేపు తిప్పుతారు సారూ?” అని అడిగింది సత్యమూర్తిని.

“ఫోనొస్తేగానీ తెలీదమ్మా” అన్నాడతను. ఆమె తలూపి, ఏటి వైపు తిరిగి కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేక, చూడకుండా ఉండలేక, మళ్లీ ఓ గ్లాసు టీ అడిగాను.

మర్నాడు తిరిగొచ్చాను. అయిదో రోజున చేలోకి పారే మా బోదెలోకి నీళ్లు వచ్చాయి, చేను నిలబడింది. రాజుగారు గట్టు మీద అందరి ముందూ “అంతా మీ తోడల్లుడుగారి చలవండీ” అన్నారు. నాలుక చివరిదాకా వచ్చిన నిజాన్ని మింగాను. అసూయ పోయిందని చెప్పను, ఈ పూటకీ ఉంది. మాట ఇచ్చినందుకే మింగానని కూడా అనను. అతనిది కాదని చెబితే మరెవరి చలవని అడుగుతారు. అప్పుడు ఏటి ఒడ్డున కూర్చున్న మనిషి సంగతి చెప్పాలి, నా రెండో పంట సంగతి చెప్పాలి. కోతలయ్యాక ఊరు మళ్లీ మూర్తిగారికి బుట్ట కట్టింది. మోసేది నేనే కదా. నా చేని బియ్యం ఇంకో బుట్టలో పోసుకుని బయల్దేరుతుంటే రాజుగారు “ఇదెవరికండీ?” అన్నారు. “దారిలో ఒకావిడకండీ” అన్నాను.

వెళ్లదలచిన వాళ్లకు ఒకటే సలహా. పర్మిషన్ కోసం నెల ముందే రాయండి, చింతూరులో పన్నెండు లోపు జీపు పట్టుకోండి, భోజనం ముత్తమ్మ పాకలో చేయండి. మీదే ఊరని ఆమె అడిగితే చెప్పండి. మీకెన్ని పంటలని అడిగితే మాత్రం, చెయ్యి కడుక్కున్నాక చెప్పండి. ముందే చెబితే ఆ అన్నం గొంతు దిగదు.