మా పిన్ని దవడపన్ను

మా పిన్ని బట్టలు కుడుతుంది. ట్రయల్‌కి వచ్చినవాళ్లు అద్దం ముందు నిలబడి "బాగానే ఉందండి" అన్నారంటే ఆవిడకి ఒళ్లు మండుతుంది. "మొహమాటపడి చావకు. చెయ్యెత్తు, వంగు. ఎక్కడ పట్టేస్తోందో ఇప్పుడే చెప్పు. ఇంటికెళ్లి ఏడిస్తే నేనేం చెయ్యను?" అని దులిపేస్తుంది.

అంతటి మనిషీ పళ్ల డాక్టరు కుర్చీ ఎక్కగానే పిల్లి అయిపోయింది.

ఎడమవైపు దవడపళ్లు ఎప్పుడో పోయాయి. ఇక నమలడానికి కుడివైపు కింద పన్నొక్కటే ఆధారం. దానికీ లోతుగా పుచ్చు పట్టింది. డాక్టరు పుచ్చు తొలిచి, సిమెంటు నింపి, పళ్ల మధ్య నీలం కాగితం పెట్టి కొరకమన్నాడు.

"ఎత్తుగా తగులుతోందామ్మా?"

సగం మొహం మొద్దుబారి ఉంది. బయట జనం ఎదురు చూస్తున్నారు. "బాగానే ఉందండి" అంది పిన్ని.

మత్తు దిగాక నోరు మూస్తే ముందు ఆ పన్నే తగిలేది. చన్నీళ్లు తాగితే చెవిదాకా జివ్వుమనేది. లోతుగా నింపాం, కొన్నాళ్లు అలాగే ఉంటుందని డాక్టరు అన్నాడట. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. వెళ్లి చూపించుకోమని నేను పోరితే, "పాపం, అంత కష్టపడి చేశాడే. బాగాలేదని ఏ మొహంతో చెప్పను?" అనేది. నాకు తిక్క రేగేది. రొట్టె పాలల్లో నానబెట్టుకుంటుంటే బాబాయి, "మనింట్లో చంటిపిల్ల పుట్టిందే" అని ఆటపట్టించేవాడు. ఆవిడ నవ్వేది కాదు. నెలల తరబడి అదే తిండి, చిక్కి సగమైంది.

ఒక పొద్దున్న గడగడా చన్నీళ్లు తాగేసి, "పోయిందే! జివ్వుమనడం లేదు!" అని కేకేసింది. ఆ రోజంతా మిషను మీద కూనిరాగాలే.

వారం తిరక్కుండా చెంప ఉబ్బింది. నేనే లాక్కెళ్లాను.

"తగ్గడం కాదమ్మా, లోపల నరం చచ్చిపోయింది" అన్నాడు డాక్టరు. "పన్ను కూడా వేరుదాకా చీలింది, తీసెయ్యాల్సిందే. నింపింది రవ్వంత ఎత్తుగా ఉంది. అప్పుడే వచ్చి చెబితే నిమిషంలో అరగదీసేవాణ్ణి కదా."

"మరి నేను దేంతో నమలనండీ?" అంది పిన్ని, నెమ్మదిగా.

ఆయన సూది వేశాడు. కాసేపయ్యాక చిగురు మీద గుచ్చి చూస్తూ, "తెలుస్తోందా?" అన్నాడు.

మెడలో వేలాడుతున్న కొలత టేపుని పిన్ని పిడికిట్లో బిగించింది. "లేదండి. బాగానే ఉంది."

ఆయన పటకారు అందుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"మొహమాటపడి చావకు పిన్నీ. ఎక్కడ తెలుస్తోందో ఇప్పుడే చెప్పు."

పిన్ని పైనున్న దీపం వంకే చూసింది. కళ్లు నిండాయి. చివరికి వేలెత్తి చెంప మీద పెట్టింది.

"ఇక్కడండీ" అంది. "మొదట్నుంచీ ఇక్కడే."